చెరిపివేసిన గెలుపులు

అప్పనపల్లి వంటి గోదావరి యొడ్డు ఊళ్లలో చెడుగుడు చూచినవారికి తెలియును: కూత తెగినవాడు అప్పుడే బయటకు పోవలెను, తగవు బరిలోనే తీరును. ఏడాది గడచిన పిదప ఎవరో వచ్చి, "ఆనాడు నీవు ఆడదగినవాడవే కావు" అన్నచో నేమి చేయుదుము?

అమెరికాలో అట్టిదే జరిగినది. అచ్చట కళాశాల జట్టులో చేరగోరు విద్యార్థి, బడి మార్కులతోపాటు దేశమంతట ఒకే తీరుగ జరుగు ప్రవేశపరీక్షలో తగిన మార్కులును చూపవలసియుండెను. ఆట చదువును మింగివేయకుండుటకు పెట్టిన కట్టు, మంచి కట్టే. డెరిక్ రోజ్ అను బాస్కెట్‌బాల్ ఆటగాని మార్కులు చూచి, కళాశాలల క్రీడాసంఘము ఆడుట కనుమతించినది. 2007-08లో అతని మెంఫిస్ విశ్వవిద్యాలయ జట్టు 38 ఆటలు గెలిచి, రెండే ఓడెను. ఆ రెండవది 2008 ఏప్రిల్‌లో కాన్సాస్ జట్టుతో జరిగిన అంతిమపోటీ.

మరుసటి నెలలో పరీక్షాసంస్థ అతని మార్కులను రద్దుచేసినది. అతని బదులు మరియొకరు వ్రాసిరను ఆరోపణ వచ్చినది. 2009 ఆగస్టులో క్రీడాసంఘము ఆ 38 గెలుపులను చెరిపివేసినది. (సోదరుని ప్రయాణపు ఖర్చుల తగవొకటి కూడ నుండెను.) అతడు మోసగించెనని సంఘము తేల్చలేదు, మార్కులు చెల్లనప్పుడు అర్హతయు చెల్లదనినది.

రోజ్ అప్పటికే చికాగోలో వృత్తి ఆటగాడు. 2011లో ఆ లీగునకెల్ల మేటి అనిపించుకొనెను. నష్టము మిగిలినది ఆ పరీక్షతో సంబంధమే లేని తోడి ఆటగాండ్రకు. మన పిల్లలును క్రీడల కోటాలో సీట్లకు ధ్రువపత్రములు పట్టుకొని వెళ్లుచున్నారు. వానిని సరిచూడవలసిన వేళ బరిలోనికి దింపక మునుపే గదా! మెంఫిస్ వారును ఇదే మొరపెట్టుకొనిరి. ఆ అప్పీలును 2010లో త్రోసివేసిరి.