చెవిలో ఏమీ లేకున్నా తెర మీద హెడ్‌ఫోన్ గుర్తు

హెడ్‌ఫోన్స్ తీసేసినా ఫోన్ తెర పైభాగంలో వాటి గుర్తు అలాగే ఉండిపోవడం చాలా ఫోన్లలో వచ్చే ఇబ్బంది. పాట పెడితే స్పీకర్ మోగదు. కాల్ వస్తే రింగ్ వినిపిస్తుంది, ఎత్తాక అవతలి మాట మాత్రం వినపడదు. కాల్ మధ్యలో స్పీకర్ బటన్ నొక్కితే మాట వినపడుతుంది. రింగ్ మోగడం, పాట మోగకపోవడం రెండూ కలిసి కనిపిస్తే రోగం ఏమిటో తెలిసిపోయినట్టే. హెడ్‌ఫోన్స్ పెట్టి ఉన్నప్పుడు కూడా రింగ్‌టోన్‌నూ అలారాన్నీ ఫోన్ బయటి స్పీకర్‌లోనూ మోగిస్తుంది. తీగ తగిలించి ఉన్నా అది చెవిలో లేకపోవచ్చు, కాల్ తప్పిపోకూడదని ఆ ఏర్పాటు. కాబట్టి రింగ్ మోగుతూ వీడియో మూగబోయిందంటే స్పీకర్ చెడిపోలేదు, శబ్దం వేరే దారిన పోతోంది. ఈ తేడా తెలియక బాగున్న స్పీకర్‌ను మార్పించి డబ్బు పోగొట్టుకునేవారున్నారు.

ఆ దారులు మూడు: గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల జాక్, చార్జింగ్ పెట్టే యూఎస్‌బీ-సీ పోర్టు, తీగ అక్కర్లేని బ్లూటూత్. ఫోన్‌కు ఈ మూడింటిలో ఎటువైపు హెడ్‌ఫోన్స్ ఉన్నట్టు తోస్తోందో ముందు తేల్చాలి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే. ఇది తేల్చకుండా మొదటి నిమిషంలోనే ఫ్యాక్టరీ రీసెట్ చేయమనే సలహాలు వీడియోల్లో కొల్లలుగా ఉన్నాయి. అవి నష్టం చేసే సలహాలు. రీసెట్ చేస్తే ఫోన్‌లో దాచుకున్న ఫొటోలు, వాయిస్ రికార్డింగులు, బ్యాకప్ లేని చాట్‌లు పోతాయి. జాక్‌లో చేరిన తడి మాత్రం అక్కడే ఉంటుంది.

బ్లూటూత్ సంగతి తేల్చడం తేలిక. పై నుంచి కిందికి లాగితే వచ్చే ప్యానెల్‌లో బ్లూటూత్ ఆపేయాలి. శబ్దం స్పీకర్‌లోకి వచ్చేస్తే జాక్‌కీ పోర్టుకీ సంబంధం లేదు. డబ్బాలో పెట్టిన ఇయర్‌బడ్స్ మూత సరిగా పడక ఇంకా కనెక్ట్ అయి ఉండటం, ఇంటి ముందు నిలిపిన కారు స్టీరియో ఫోన్‌ను పట్టేసుకోవడం, కాల్స్ పలికే స్మార్ట్ వాచ్ మాటను తన వైపు లాక్కోవడం ఇందులో మామూలు. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ పరికరం పేరు పక్కనున్న గుర్తు నొక్కితే కాల్స్‌కూ మీడియాకూ వేర్వేరు స్విచ్చులు కనిపిస్తాయి. అక్కర్లేనిది ఆపుకోవచ్చు. శాంసంగ్ ఫోన్లలో ఒక్కో యాప్ శబ్దాన్ని ఒక్కో పరికరానికి పంపే సెట్టింగ్ ఒకటుంది. ఎప్పుడో పెట్టి మరిచిపోతే ఒక్క యాప్ మాత్రమే మూగబోతుంది, మిగతావన్నీ బాగానే పలుకుతాయి.

బ్లూటూత్ ఆపినా గుర్తు పోకపోతే ఫోన్‌ను స్విచాఫ్ చేసి తిరిగి ఆన్ చేయాలి. మళ్లీ లేచేటప్పుడు ఫోన్ జాక్‌నూ పోర్టునూ కొత్తగా పరీక్షించుకుంటుంది. గుర్తు పోయి తిరిగి రాకపోతే అది సాఫ్ట్‌వేర్ తడబాటు, అంతటితో సరి. ఏమీ తగిలించకుండానే గుర్తు మళ్లీ ప్రత్యక్షమైతే తప్పు రంధ్రంలో ఉంది, సెట్టింగ్స్‌లో వెతికి లాభం లేదు. ఈ ఒక్క పరీక్ష సగం పని తీర్చేస్తుంది.

రంధ్రంలో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా సగం అర్థమవుతుంది. ఇయర్‌ఫోన్ పిన్నును దగ్గరగా చూస్తే దాని లోహం మీద మూడు సన్నని వలయాలుంటాయి. అవి పిన్నును నాలుగు ముక్కలుగా విడదీస్తాయి. ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా నడిచే అమరికలో మొన ఎడమ చెవికి, రెండోది కుడి చెవికి, మూడోది గ్రౌండుకు, మొదట్లో ఉన్న నాలుగోది మైక్‌కు. రెండే వలయాలున్న పిన్నుకు మైక్ ఉండదు. సాకెట్ లోపల ఈ ముక్కలకు తగిలే పలుచని లోహపు రేకులుంటాయి, వాటితోపాటు పిన్ను వచ్చిందో లేదో చెప్పడానికే ఇంకో రేకు ఉంటుంది. కొన్ని సాకెట్లలో ఆ రేకు పక్కదానికి ఎప్పుడూ ఆనుకుని ఉంటుంది. పిన్ను దూరగానే విడిపోతుంది, ఫోన్ దాన్ని బట్టి హెడ్‌ఫోన్స్ వచ్చాయని తేల్చుకుంటుంది. మరికొన్నింటిలో ఇందుకు తిరుగు: రేకులు మామూలుగా విడివిడిగా ఉండి, పిన్ను వచ్చాక దాని లోహం ద్వారా కలుస్తాయి.

ఫోన్ మోసపోయేది ఇక్కడే. మొదటి రకంలో జేబు నూగు, దుమ్ము రేకుల మధ్య ఇరుక్కుంటే అవి కలవవు. ఏళ్ల వాడకంతో రేకు స్ప్రింగు బలం తగ్గినా, తుప్పు పొర పట్టినా అంతే. రెండో రకంలో చెమటో వాన నీరో రేకుల మధ్య వంతెనలా నిలిచి, పిన్ను లేకుండానే కరెంటును దాటిస్తుంది. ఫోన్‌కు రంధ్రంలోకి తొంగిచూసే కన్ను లేదు, ఆ చిన్న విద్యుత్ సంకేతాన్నే నమ్ముతుంది. నీరు తట్టుకుంటాయని పేరున్న ఫోన్లకు కూడా ఇది తప్పదు. 2016లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్7కు ఐపీ68 రక్షణ ఉంది, 3.5 మిల్లీమీటర్ల జాక్ కూడా ఉంది. అలాంటి ఫోన్‌లో నీరు బోర్డు దాకా పోకుండా సీలు ఆపుతుంది. రంధ్రంలోని రేకులు మాత్రం బయటి తడికి ఎదురుగానే ఉంటాయి.

తడి చేసే అల్లరి గుర్తుతో ఆగదు. పాట దానంతట అదే ఆగిపోవడం, వాల్యూమ్ పెరుగుతూ తగ్గుతూ ఉండటం, ఎవరూ పిలవకపోయినా గూగుల్ అసిస్టెంట్ తెరుచుకోవడం చూసి వైరస్ పట్టిందని భయపడతారు. వైరస్ ఏమీ లేదు. ఇయర్‌ఫోన్ తీగ మీది బటన్లన్నీ మైక్ తీగ మీదుగానే మాట్లాడతాయి. ఫోన్ ఆ తీగ మీద చిన్న వోల్టేజీ ఉంచి, గ్రౌండుతో దాని నిరోధం ఎంతో కనిపెడుతుంది. గూగుల్ ఆండ్రాయిడ్‌కు పెట్టిన ప్రమాణం ప్రకారం మైక్ నిరోధం 1,000 ఓమ్‌లు లేదా అంతకు మించి ఉండాలి. పాట ఆపే బటన్ నొక్కితే నిరోధం దాదాపు సున్నా అవుతుంది, అసిస్టెంట్‌ను పిలిచే బటన్‌కు 135 ఓమ్‌లు, వాల్యూమ్ పెంచడానికి 240, తగ్గించడానికి 470. ఉప్పు కలిసిన చెమట మైక్ రేకుకూ గ్రౌండు రేకుకూ మధ్య చేరితే, అది ఆరుతున్నకొద్దీ నిరోధం మారుతూ పోతుంది. దారిలో ఈ అంకెలను తాకినప్పుడల్లా ఎవరో బటన్ నొక్కారని ఫోన్ అనుకుంటుంది. బటన్లు వాటంతట అవే పనిచేస్తున్నాయంటే జాక్‌లో తడి లేదా తుప్పు ఉందనడానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు.

గుర్తు ఆకారాన్ని కూడా గమనించాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మైక్ ఉన్న హెడ్‌సెట్‌కు ఒక బొమ్మ, మైక్ లేని హెడ్‌ఫోన్స్‌కు ఇంకో బొమ్మ వస్తుంది. మైక్ ఉన్న బొమ్మ నిలిచిపోతే ఫోన్ తన సొంత మైక్‌ను పక్కన పెట్టి, లేని మైక్ వైపు చెవి పెడుతుంది. అప్పుడు కాల్‌లో ఇటు మాటా వినపడదు, అటు మాటా వినపడదు. మైక్ లేని బొమ్మ అయితే అవతలివారికి మాట వెళ్తుంది, ఇవతలికి మాత్రం రాదు. రిపేరు షాపుకు వెళ్లాల్సి వస్తే ఈ ఒక్క విషయం చెప్పినా పని చేసేవారికి చాలా వెతుకులాట తగ్గుతుంది.

ఇక శుభ్రం చేయడం. మొదటి మందు ఇయర్‌ఫోన్ పిన్నే. పిన్నును రంధ్రంలో పూర్తిగా పెట్టి, అటూ ఇటూ తిప్పి, తీయాలి. ఇలా పదిసార్లు నిదానంగా చేస్తే రేకుల మీది పలుచని తుప్పు పొర రాసుకుని పోతుంది, అంటుకుపోయిన రేకు కదులుతుంది. చాలా ఫోన్లు ఇంతటితోనే దారికి వస్తాయి. రాకపోతే ఫోన్ స్విచాఫ్ చేసి, టార్చి వెలుతురులో రంధ్రంలోకి చూడాలి. అడుగున నూగు కనిపిస్తే పొడి టూత్‌పిక్‌తో గోడ పక్కగా మెల్లగా పైకి లాగాలి. గుండుసూది, పిన్నీసు లోపలికి పోకూడదు. రేకు ఒక్కసారి వంగితే ఇక సాకెట్ మార్చాల్సిందే. జిగురు, తుప్పు ఉంటే రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా పిన్నుకు రాసి, పిన్నును లోపల తిప్పి తీసి, పూర్తిగా ఆరాకే ఫోన్ ఆన్ చేయాలి. శానిటైజర్ పనికిరాదు, అందులో కలిపే గ్లిజరిన్, జిగురు పదార్థాలు రేకుల మీదే మిగిలిపోతాయి. పిన్ను మొన విరిగి లోపల ఉండిపోతే దానికి జిగురు అంటించి లాగమనే సలహా ఇంకా ప్రమాదం. జిగురు రేకుల మీదికి జారితే మొన, సాకెట్ కలిసి ఒకే ముద్దవుతాయి.

తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు తెలుగు ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. బియ్యం రంధ్రంలోని నీటిని బయటికి లాగదు, తన పిండి దుమ్మును మాత్రం లోపల వదులుతుంది. ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని, బియ్యపు నలుసులు ఫోన్‌ను పాడుచేయవచ్చని ఆపిల్ తన సహాయ పేజీలోనే రాసింది. కనెక్టర్‌ను కిందికి పెట్టి చేతికి మెల్లగా తట్టి, గాలి ఆడే చోట ఉంచి, అరగంట తర్వాత ప్రయత్నించాలని, పూర్తిగా ఆరడానికి 24 గంటలు పట్టవచ్చని కూడా అదే చెబుతుంది. ఫ్యాన్ గాలి చాలు. హెయిర్ డ్రయ్యర్ వేడికి ఫోన్ అంచుల్లోని జిగురు సీలు మెత్తబడుతుంది. సముద్రపు నీరో చెమటో అయితే ఆరడం ఒక్కటే చాలదు, మిగిలిన ఉప్పు మళ్లీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో గుర్తు పోయినట్టే పోయి తిరిగి రావడానికి ఇదొక కారణం. అక్కడ ఆల్కహాల్‌తో తుడవడం తప్పనిసరి.

గుండ్రటి జాక్ లేని ఫోన్లలో కూడా ఇదే గుర్తు వస్తుంది. యూఎస్‌బీ-సీ పోర్టులో 24 కొనలుంటాయి, వాటిలో సీసీ అనే రెండు కొనలు ఏ పరికరం తగిలిందో గుర్తుపట్టడానికి. మామూలుగా వీటిలో ఒక్కటే పరికరం వైపు పలుకుతుంది. రెండూ 1,200 ఓమ్‌ల లోపు నిరోధంతో గ్రౌండుకు కలిస్తే దాన్ని అనలాగ్ ఆడియో ఎడాప్టర్‌గా లెక్కించాలని యూఎస్‌బీ-సీ ప్రమాణంలో ఉంది. పోర్టులో తడి చేరి ఆ రెండు కొనలనూ గ్రౌండుతో కలిపేస్తే ఫోన్‌కు అచ్చం ఎడాప్టర్ పెట్టినట్టే ఉంటుంది. అనలాగ్ ఆడియో పరికరం కనిపించిందని, అది ఈ ఫోన్‌కు పనికిరాదని కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చే నోటిఫికేషన్ ఇలా పుట్టేదే. మందు పాతదే: చార్జింగ్ పెట్టకుండా ఆరనివ్వాలి, అడుగున గట్టిపడిన నూగును టూత్‌పిక్‌తో తీయాలి, మధ్యలోని పలుచని నాలుకను వంచకూడదు. కేబుల్ చివరిదాకా దిగక వదులుగా ఊగుతుంటే లోపల నూగు ఉన్నట్టే.

మూడు దారుల్లో ఏదో ముందు తేల్చాలనే మాటకు మళ్లీ పని పడేది సెట్టింగ్స్ దగ్గర. ఆండ్రాయిడ్‌లో ఎంతో పనికివచ్చే సెట్టింగ్ ఒకటి డెవలపర్ ఆప్షన్స్‌లో దాగి ఉంది. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు నొక్కితే ఆ జాబితా తెరుచుకుంటుంది, అందులో యూఎస్‌బీ ఆడియో రూటింగ్‌ను ఆపే స్విచ్ ఉంటుంది. డిజిటల్ యూఎస్‌బీ పరికరం తగలగానే శబ్దం దానంతట అదే అటు పోకుండా ఇది ఆపుతుంది. హబ్‌కో, డాక్‌కో తగిలించిన ప్రతిసారీ ఫోన్ స్పీకర్ మూగబోతుంటే ఇది చక్కగా పనిచేస్తుంది. గుండ్రటి జాక్ తప్పుకు మాత్రం దీనితో సంబంధమే లేదు, అన్ని రోగాలకూ ఇదే మందని చెప్పడం తప్పు. ఇంకో జాగ్రత్త: దీన్ని ఆన్ చేసి వదిలేస్తే తర్వాత కొన్న డిజిటల్ యూఎస్‌బీ-సీ ఇయర్‌ఫోన్స్ పలకవు, కొత్త ఇయర్‌ఫోన్స్‌నే తప్పుపట్టాల్సి వస్తుంది. అవసరం తీరగానే ఆపేయాలి.

జాక్‌లో ఏమీ లేదని ఫోన్‌కు చెప్పే స్విచ్ మాత్రం ఆండ్రాయిడ్ మామూలు సెట్టింగ్స్‌లో ఎక్కడా లేదు. ఇన్ని కోట్ల ఫోన్లలో వచ్చే తప్పుకు అంత చిన్న స్విచ్ ఇవ్వకపోవడం తయారీదారుల లోపమే. ఆ లోటు తీర్చడానికి శబ్దాన్ని బలవంతంగా స్పీకర్‌కు మళ్లించే యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉన్నాయి. షాపు తెరిచేదాకా రోజు గడవడానికి అవి చాలు. కొన్ని ఫోన్లలో మీడియాకు పనిచేసి కాల్స్‌కు పనిచేయవు, రంధ్రంలోని తుప్పు కూడా వాటి చాటున పెరుగుతూనే ఉంటుంది.

శుభ్రం చేసి, ఒక రోజు ఆరనిచ్చి, తిరిగి ఆన్ చేసినా గుర్తు పోకపోతే సాకెట్ మార్చే సమయం వచ్చినట్టు. చాలా ఫోన్లలో జాక్, చార్జింగ్ పోర్టు కింది అంచున ఉన్న సబ్ బోర్డు మీదే ఉంటాయి, ఆ చిన్న బోర్డును మారిస్తే సరిపోతుంది. జాక్‌కు విడిగా స్ట్రిప్ ఉన్న ఫోన్లలో స్ట్రిప్ ఒక్కటే మార్చుతారు. జాక్‌ను నేరుగా మెయిన్ బోర్డు మీదే అతికిన ఫోన్లయితే సోల్డరింగ్ తెలిసిన చేతికే ఇవ్వాలి. సబ్ బోర్డు తీసి పెట్టి ఫోన్ ఆన్ చేసినప్పుడు గుర్తు మాయమైతే తప్పు ఆ బోర్డుది, అయినా నిలిచి ఉంటే మెయిన్ బోర్డు మీది ఆడియో చిప్పుదో దాని దారులదో కావచ్చు, రేకు విడిపోతే పిన్ను వచ్చిందనుకునే రకం సాకెట్ అయితే మాత్రం ఇలా తేల్చలేం. ఈ పరీక్ష చేయించాకే కొత్త భాగానికి డబ్బు ఇవ్వాలి. ఫోన్ వారంటీలో ఉంటే ఇవేవీ బయట విప్పించకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి.