సంచార గృహము - విద్యుచ్ఛక్తి



సంచార గృహమనునది క్రొత్త మాటగా తోచవచ్చును. కాని గూడుబండిలో గడ్డి పరచుకొని, వంట సామానుతో తీర్థములకు వెడలిన పెద్దల సంతతికి ఆ భావము క్రొత్తది కాదు. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లో ఫోక్స్‌వాగన్ వ్యానునందు పడకను, అల్మరాను అమర్చి ఈ ముచ్చటకు ఐరోపాలో ప్రచారము తెచ్చినది. నేడు హిమాచల ప్రదేశ్, లదాఖ్ మార్గములందును ఇట్టి క్యాంపర్ వ్యానులు కనబడుచున్నవి.

పూర్వపు గూడుబండికి ఒక లాంతరు చాలెడిది. నేటి బండిలో దీపము, పంకా, సెల్ ఫోను, కంప్యూటరు అన్నియు విద్యుత్తునే కోరును. ఇంటి పెద్దకు మధుమేహమున్నచో ఇన్సులిన్ నిలువకు చల్లని పెట్టెయు కావలెను. విప్పని ఇన్సులిన్ సీసాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలెను. అది గడ్డకట్టినను చెడును. ఊరికి దూరముగా బండి ఆగిన రాత్రి ఈ అవసరములన్నియు తీరుటెట్లు? దీనికి కావలసిన విద్య ప్రభుత్వోద్యోగులకు క్రొత్తది కాదు. అదియే ఆదాయ వ్యయముల పట్టిక.

మొట్టమొదట ఖజానాలు రెండుండవలెను. ఇంజనును కదలించు బ్యాటరీలో పలకలు పలుచనివి. అవి కొద్ది క్షణములపాటు వందల ఆంపియర్ల ప్రవాహము నిచ్చుటకే తగినవి. దానితో రాత్రంతయు దీపములు వెలిగించినచో అది త్వరలో చెడును; తెల్లవారిన పిదప ఇంజను కదలదు. కావున దళసరి పలకలుగల 'డీప్ సైకిల్' బ్యాటరీ నొకదానిని గృహావసరములకు వేరుగా అమర్చవలెను. మొదటిది ముట్టరాని నిధి, రెండవది నిత్యవ్యయమునకు.

ఇక లెక్క చూతము. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,200 వాట్-గంటల శక్తి యుండును. సీసపు బ్యాటరీ దీర్ఘకాలము మన్నవలెనన్న అందులో సగమే, అనగా 600 మాత్రమే, వాడదగినది. 5 వాట్ల దీపములు రెండు 4 గంటలు వెలిగిన 40; 15 వాట్ల పంకా 8 గంటలు తిరిగిన 120; రెండు ఫోనులకు 40; కంప్యూటరుకు ఒక దఫా 70. మొత్తము 270. కంప్రెసరుగల చిన్న చల్లని పెట్టె 40 వాట్లది దినములో మూడవవంతు కాలము పనిచేసినచో మరి 320. అంతయు కలిపి 590. అనగా ఆ బ్యాటరీ ఒక దినమునకు మాత్రమే సరిపోవును. కంప్రెసరు లేని చవుక పెట్టెను కొన్నచో అది 45 వాట్ల చొప్పున ఎడతెగక వాడుకొని, తానొక్కటే పదమూడు గంటలలో ఆ 600ను హరించును. మంచమున్నంత వరకే కాళ్ళు చాపుకొనవలెనను పెద్దల మాట యిచ్చట అక్షరాల వర్తించును.

ఆదాయ మార్గములు ముఖ్యముగా రెండు. బండి నడచునపుడు ఆల్టర్నేటరు నుండి 30 ఆంపియర్ల చార్జరు ద్వారా గంటకు సుమారు 360 వాట్-గంటలు తీసికొనవచ్చును. బ్యాటరీ నిండుకొలది ఈ రాబడి తగ్గును. పైకప్పుమీది 100 వాట్ల సౌరఫలకము నిర్మలమైన దినమున సుమారు 300 ఇచ్చును. చెట్టు నీడలోను, వానలోను దానిని నమ్మరాదు. లిథియం బ్యాటరీలో వాడదగిన భాగము హెచ్చు. కాని సున్న డిగ్రీలకు దిగువ దానిని చార్జి చేయరాదు. కొండలకు వెళ్ళువారు ఈ నియమమును మరువరాదు.

దుబారాయు ఒకటి కలదు. 12 వోల్టులను ఇన్వర్టరుతో 230 వోల్టులుగా పెంచి, ఫోను చార్జరుతో మరల 5 వోల్టులకు దించుట ముక్కేదన్న తలచుట్టు చేయి త్రిప్పి చూపినట్లుండును. దారిలో శక్తి కొంత వేడిగా పోవును. 12 వోల్టుల నుండి నేరుగా 5 వోల్టులిచ్చు సాకెట్టే మేలు.

చివరిది భద్రత. 1,500 వాట్ల కెటిల్‌ను ఇన్వర్టరుపై పెట్టినచో బ్యాటరీనుండి 125 ఆంపియర్లకు పైగా ప్రవహించును. ప్రవాహము రెట్టింపైన తీగలోని వేడి నాలుగింతలగును. సన్నని తీగ కాలి, దాని ప్రక్కనున్న పరుపు అంటుకొనవచ్చును. అందుచే తీగ దళసరిగా నుండవలెను. బ్యాటరీ ధనాగ్రమునకు జానెడు దూరములోపలనే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు రక్షించునది పరికరమును కాదు, తీగను. కావున తీగ భరింపగల ప్రవాహమునకు మించిన ఫ్యూజు వేయరాదు. కాలిన ఫ్యూజు స్థానమున రాగితీగ చుట్టుట ప్రాణాపాయము. సీసపు బ్యాటరీ చార్జి అగునపుడు హైడ్రోజన్ వాయువు వెలువడును. దానికి గాలిదారి విడువవలెను.

సభ్య మహాశయులారా! బయలుదేరుటకు ముందు ఒక సాయంకాలము కూర్చుండి ఈ పట్టిక వ్రాసికొనుట కష్టమైన పని కాదు. వ్యయము ఆదాయమును మించినచో ముందుగా కంప్యూటరును, పిదప పంకాను మానవచ్చును. మందుల పెట్టెను మాత్రము మానరాదు. ఆ వరుసను ఇంటివద్దనే నిర్ణయించుకొన్న కుటుంబమునకు ఆ పెద్దను వెంటబెట్టుకొనియే కొండలు చూచి వచ్చు భాగ్యము కలుగును.