మానేసిన అన్నకు మొదటి క్రిస్మస్
(కోలార్ బంగారు గనుల ప్రాంతపు తెలుగు యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



డిసెంబర్ వచ్చేసింది. క్యారల్స్, సెమీ క్రిస్మస్, పండుగ, 31వ తేదీ రాత్రి ఆరాధన, ఆ తర్వాత సంక్రాంతి సెలవులకు కుప్పం, పలమనేరు వైపు బంధువుల ఇళ్లు. మనకిది ఆరు వారాల సంతోషం. రెండు మూడు నెలల క్రితమే తాగుడు మానేసిన అన్నకు మాత్రం ఏడాది మొత్తంలో కష్టమైన కాలం ఇదే. ఈ రోజు ఆయన గురించీ, ఆయన పక్కన కూర్చునే మన గురించీ మాట్లాడతాను.

పండుగ రోజుల్లో మళ్లీ తాగితే, "విశ్వాసం చాల్లేదు" అని తేల్చేస్తాం. అది సరైన మాట కాదు. ఏళ్ల తరబడి తాగిన మనిషి మెదడు చలి సాయంత్రాన్నీ, చేతికొచ్చిన డబ్బునూ, బావమరిది రాకనూ, మాంసం వేపుడు వాసననూ తాగుడుతో ముడివేసుకుని ఉంటుంది. సీసా వదిలినంత తొందరగా ఆ ముడి వదలదు. పోయిన క్రిస్మస్‌కు ఉన్న అమ్మ ఈసారి లేకపోవడం కూడా ఆ ముడిని లాగుతుంది.

ఇందులో మన ఊరి కథ కూడా ఉంది. భూమిలోపల మూడు కిలోమీటర్ల లోతున పనిచేసి పైకొచ్చినవాళ్లకు సారాయే ఒళ్లు నొప్పుల మందు అయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. 2007లో కర్ణాటకలో సారాయి నిషేధించారు. గని పోయింది, సారాయి పోయింది, తాగుడు మాత్రం పోలేదు. ఈ రోజు మనవాళ్లు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లి, రాత్రికి తిరిగొస్తున్నారు. అక్కడ వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎందరో తెలుగువాళ్లే. విశ్రాంతి, గౌరవం అందని చోట మద్యం సులువుగా అందుతుంది. అందుకే తాగినవాణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టి తిట్టడం న్యాయం కాదు.

బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాను గుర్తుచేసుకోండి. చనిపోతే బాగుండుననుకున్నాడు. దూత ఆయన్ని గద్దించలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు ప్రశ్న అడిగింది ఆ తర్వాతే. తాగుడు మానుకుంటున్నవాళ్లు కూడా నాలుగింటి విషయంలో జాగ్రత్తపడతారు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. తాగాలనిపించినప్పుడు ముందు ఈ నాలుగింటిలో ఏది పట్టుకుందో చూసుకోండి. భోజనం చేయండి, ఒక మనిషితో మాట్లాడండి, కాసేపు నడవండి. ఆ కోరిక అలలా లేస్తుంది, చాలాసార్లు అరగంటలోపే తగ్గుతుంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో జీవితాంతం సంగతి అడగరు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమంటారు. పండుగను కూడా అలా ఒక్కో రోజుగానే దాటాలి.

అన్నలారా, ఏ ఇంటికి వెళ్లాలో, ఎంతసేపు ఉండాలో, ఎలా తిరిగి రావాలో ముందే అనుకోండి. బోనస్ డబ్బు వదిన చేతికివ్వండి. ఎవరైనా గ్లాసు అందిస్తే "నేను మానేశాను" అన్న ఒక్క మాట చాలు, కారణాలు చెప్పనక్కర్లేదు. ఇల్లు ఇబ్బందిగా మారితే లేచి వచ్చేయండి. అది అమర్యాద కాదు.

ఇక మన పని. "ఇంట్లో చేసిన వైనే కదా" అనొద్దు, అందులోనూ మద్యం ఉంటుంది. రమ్ములో నానబెట్టిన పండ్ల కేకు ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పండి. మన సంఘంలో ప్రభు బల్లకు పులిసిన ద్రాక్షారసం వాడుతుంటే, పులియని రసం గురించి కాపరితో ముందే మాట్లాడండి. సహోదరుడికి అడ్డమయ్యేదాన్ని మానుకోమని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆ మాట తాగేవాళ్లకు కాదు, తాగినా తమకేమీ కాదనుకునేవాళ్లకు.

రెండు జాగ్రత్తలు. రోజూ ఎక్కువగా తాగేవారు పండుగ మొక్కుగా ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణానికే ముప్పు. డాక్టరు సాయంతోనే మాన్పించండి. రెండోది, తాగుడు మాన్పించే మాత్రలు అన్నంలో రహస్యంగా కలపకండి. ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే ప్రమాదం. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ జబ్బుకు ప్రత్యేక విభాగం ఉంది. 14446కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు. మనసు బాగా కుంగితే 14416కు చేయండి.

ఒకవేళ అన్న ఒక రోజు తాగేస్తే? అన్ని రోజుల కష్టం బూడిదైపోయిందని ఎవరూ అనకండి. సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించడానికి తొందరపడకండి, వేదిక దిగిన వెంటనే గుసగుసలాడకండి. మర్నాడు పొద్దున్నే ఇంటికి వెళ్లండి. టిఫిన్ తిన్నారా అని అడగండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.

యౌవనస్థులారా, 31వ తేదీ రాత్రి ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లే ఆ గంట చాలా బరువైనది. మీలో ఇద్దరు ఆయనతో నడిచి వెళ్లండి. ఇంటి గుమ్మం దాకా మాట్లాడుతూ వెళ్లండి. మీరు ఎన్ని పాటలు పాడారో ఆయన మర్చిపోవచ్చు, ఆ రాత్రి తోడు వచ్చింది ఎవరో మర్చిపోరు.