చెయ్యి కావాలి, మనిషి వద్దు
(అంబేద్కర్ జయంతి నాడు మాదిగపల్లెలో చేసిన ప్రసంగం)



మొన్న మన పల్లె పిల్ల హైదరాబాదు నుంచి వచ్చి మమ్మల్ని అడిగింది. "మాస్టారూ, వాచీ ప్రకటనకు చేతులు కావాలంటే పోయాను. అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. వేళ్లు బాగున్నాయన్నారు, రంగు చాలదన్నారు. అసలు ఇదీ ఒక పనేనా?" అని.

పనే తల్లీ. టీవీలో హీరోయిన్ మొహం చూపించి, వెంటనే సబ్బు పట్టుకున్న చెయ్యి దగ్గరగా చూపిస్తారు గదా. ఆ చెయ్యి చాలాసార్లు ఆమెది కాదు. మొహానికి ఒకరు, చేతులకొకరు, పాదాలకొకరు, జుట్టుకొకరు. లైట్ల వేడిలో గంటల తరబడి కప్పు వణక్కుండా పట్టుకోవాలి. కుదరకపోతే మళ్లీ, మళ్లీ. తేలిక పనని మేము అనం. పేరు మాత్రం ఎక్కడా పడదు.

న్యూయార్కులో ఎలెన్ సిరోట్ అని ఈ పనిలో పేరుపడ్డ ఆమె ఉంది. గీత పడితే పని పోతుందని తొడుగులు వేసుకునే తిరిగేది. ఇంటి పని ముట్టేది కాదు. చూశారా ఈ తిరకాసు! గిన్నెల సబ్బు ప్రకటనకు గిన్నెలు తోమని చెయ్యి కావాలి.

మరి తోమే చేతుల సంగతేంది? మిరపకాయల తొడిమలు తీసి రాత్రంతా మండే చేతులు, సిమెంటు తిని పొరలూడిన చేతులు ఈ పందిట్లో ఎన్ని లేవు? 2015లో మన రాష్ట్రంలో రేషను షాపుల్లో వేలిముద్ర మిషన్లు పెట్టారు. మా పెద్దమ్మ వేళ్ల గీతలు పార పట్టి అరిగిపోయినయి. మిషను ఆమెను గుర్తుపట్టలా. మూడుసార్లు పోయి ఖాళీ సంచితో వచ్చింది. పని చెయ్యని చేతికి కూలి, పని చేసిన చేతికి బియ్యం లేదు.

ఒంటిని ముక్కలు చెయ్యడం మనువాదులకు కొత్త గాదు. పురుషసూక్తంలో నోటినుంచి ఒకడు, భుజాలనుంచి ఒకడు, తొడలనుంచి ఒకడు, పాదాలనుంచి శూద్రుడు. మనకు ఆ పాదాల్లో కూడా చోటు లేదు. ఆ పాదాలకు చెప్పులు కుట్టింది మాత్రం మనం! కుట్టిన చెప్పు తొడుక్కుని ఊళ్లోకి పోతే కొట్టిన రోజులు మా నాయన చూశాడు.

ఇక రంగు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మార్చుకున్నారు. మన పిల్ల చెయ్యి తిప్పి చూసిన కళ్లు మార్చుకోలా.

పోవద్దని ఆ పిల్లకు మేము చెప్పలేదు. మళ్లీ పో అన్నాం. కూలి ఎంతో, ఎన్ని గంటలో ముందే కాగితం మీద రాయించుకోమన్నాం. రంగు చాలదంటే ఏ రంగు కావాలో అదీ రాసిమ్మని అడగమన్నాం. రాయరు. అయినా అడగాలి.

వేలిముద్ర పడక బియ్యం ఆగినవాళ్లు ఆదివారం పొద్దున కార్డులు తీసుకుని బడి దగ్గరకు రండి. తహశీల్దారుకు అందరం కలిసి అర్జీ రాద్దాం. సంతకం రానివాళ్లు కూడా రండి.