పెంటకుప్పలోని చిన్న నేస్తం
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈగలు ముసిరితే గేదె నిలకడగా నిలబడదు, చేపు సరిగా రాదు. పేడమీద వాలిన ఈగే పొదుగుమీద, పాలచెంబుమీద వాలుతుంది. అందుచేత ఈగల సంగతి మన సంఘం సంగతే.

ఈగ పుట్టేది మన పెంటకుప్పలోనే. తల్లి ఈగ విడతకు నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. పురుగులు తడిపేడ తిని పెరిగి, ఆరిన అంచుకు చేరి, వరిగింజంత గోధుమరంగు గూళ్లుగా గట్టిపడతాయి. ఎండాకాలంలో గుడ్డు ఈగ కావడానికి 10 రోజులు చాలు.

ఆ గూళ్లను వెతికి చంపే జీవి ఒకటున్నది. దాని పేరు స్పలాంజియా. నల్లగా, 2, 3 మిల్లీమీటర్ల పొడవుండే చిన్న కందిరీగ. దీన్ని ఇదివరకు ఒక పెద్ద కుటుంబంలో లెక్కించేవారు. 2022లో శాస్త్రజ్ఞులు దాన్ని విడదీసి, స్పలాంజియిడే అనే చిన్న కుటుంబంగా వేరుచేశారు. ఇది మనిషినిగాని, పశువునుగాని కుట్టదు. ఆడది పేడలో దూరి, ఈగ గూటికి కన్నంపెట్టి, లోపల ఒక గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి ఈగను తిని, మూడు నాలుగు వారాలకు కందిరీగగా బయటికి వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కున్నది. ఈగకు 10 రోజులు, దీనికి మూడు వారాలు పైన. కుప్పమీద మందు చల్లితే పైన తిరిగే కందిరీగలు చస్తాయి. లోపలి తడిలో ఉన్న పురుగులు చాలావరకు బతుకుతాయి. మళ్లీ ముందు పెరిగేది ఈగే.

మా ఇంట్లో పూర్వం కుప్పమీద బి.హెచ్.సి. పొడి చల్లేవారు. రెండు రోజులు హాయి. పక్షం తిరక్కుండా ఈగలు మళ్లీ హాజరు. ఆ మందు పశువు ఒంట్లో చేరితే పాలలోని వెన్నలోకీ దిగుతుంది. దాన్ని మన దేశంలో 1997లో నిషేధించారు. పేరు మార్చి వేరే మందు చల్లినా కందిరీగకు ముప్పు ఉండవచ్చు.

కాబట్టి నా మనవి ఇది. కొట్టంలో పేడ రోజూ ఎత్తండి. కుప్పలోకి మూత్రం, కడుగునీరు పోకుండా కాలువ తీయండి. బురదలో ఈ కందిరీగ పనిచేయలేదు. వారం తిరక్కుండా తడిపేడను పలచగా ఆరబెట్టండి, లేదా గుంతలో వేసి మట్టి కప్పండి. ఆరిన పాత ఎరువు మొత్తం ఒకేసారి తోలకుండా కొంత భాగం ఉంచండి. కందిరీగల విత్తనం అందులోనే ఉంటుంది. కుప్పమీద మందు చల్లకండి.

నా మాట నమ్మనక్కరలేదు. గోధుమరంగు గూళ్లు కొన్ని ఏరి గాజుసీసాలో వేసి, పలచని గుడ్డ కట్టి నెలరోజులు ఉంచండి. ముందు ఈగలు వస్తాయి. తరువాత చీమంత నల్లని కందిరీగలు కనిపిస్తే మీ కుప్పలో ఈ నేస్తం ఉన్నట్లే. ఈగ వెళ్లిన గూటికి కొన ఊడి ఉంటుంది. కందిరీగ వెళ్లినదానికి చిన్న గుండ్రని కన్నముంటుంది.

ఇది ఒక్కటే ఈగలన్నిటినీ అంతం చేయదు. శుభ్రత మన వంతు, మిగిలినది దాని వంతు. దాని పని దాన్ని చేయనిద్దాం.