గోడల కంటే ముందు ఉస్తాదులు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున ఒక చిన్న డిగ్రీ కాలేజీ పెట్టాలన్న మాట ఈ ఏడాది గట్టిగా వినిపిస్తున్నది. ఉప్పల్ వైపు స్థలం చూద్దామని కొందరు, నాచారంలో అద్దె భవనం చాలునని కొందరు అంటున్నారు. ఎన్ని గదులు కావాలి, గేటు మీద పేరు ఏ లిపిలో రాయించాలి అన్నంతవరకు చర్చ వచ్చింది. పాఠం చెప్పేదెవరు, చెప్పేవాళ్ళకు పెద్దగా ఉండేదెవరు అన్న సంగతి మాత్రం ఇంకా ఎవరూ ఎత్తలేదు. మేము ఉర్దూ మీడియం బడిపంతుళ్ళం. మాకు అదే మొదటి సంగతిగా తోస్తుంది. కమిటీ వారి అనుమతితో దాని గురించే నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాము.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ తార్నాక. అక్కడి నుండి లోపలికి పోతే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ. ఆ రాతి భవనం ముందు ఫోటో దిగని కుటుంబం మనలో తక్కువ. పెళ్ళికి ముందు ఫోటోలు కూడా ఇప్పుడు అక్కడే తీయించుకుంటున్నారు. అయితే ఆ భవనం కాలేజీతో పాటు పుట్టిందనుకుంటే పొరపాటు. 1917లో అక్బర్ హైదరీ గారు దేశభాషలో ఉన్నత విద్య కావాలని నిజాం ప్రభువుకు విన్నపం పెట్టారు. ఆ ఏడాదే ఫర్మానా వచ్చింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీలో, నిజాం కాలేజీ పక్కనున్న ఇళ్ళల్లో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. లెక్క చూడండి, తొమ్మిది మంది పిల్లలకు ఒక ఉస్తాదు. మనం చూస్తున్న ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరులో. అంటే ఇరవై ఏళ్ళు ఆ కాలేజీ సొంత మహలు లేకుండానే నడిచింది. ఆడపిల్లల కాలేజీ సంగతీ అంతే. అది మొదలైంది 1924లో, కోఠీ రెసిడెన్సీ భవనంలోకి వెళ్ళింది 1949లో.

ఇంకొక ముచ్చట. తరగతులు మొదలు కాకముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టారు. దాని బాధ్యత మౌల్వీ అబ్దుల్ హఖ్ గారిది. చరిత్ర, తర్కం, గణితం, రసాయన శాస్త్రం ఉర్దూలో చెప్పాలంటే ముందు మాటలు కావాలి కదా. మాటల కోసం పండితులు కూర్చుని వాదించుకునేవారు. అరబ్బీ ధాతువు నుంచి తీయాలా, వాడుకలో ఉన్న మాటనే ఉంచాలా అని ఒక్కొక్క పదం దగ్గర తగాదా. అట్లా వందల పుస్తకాలు వచ్చాయి. పాఠం చెప్పేవాడు పాఠ్యపుస్తకం తయారు చేసే పనిలో కూడా ఉంటే తరగతిలో అతని నోటి మాటకు బరువు వస్తుంది. బడిలో మేము రోజూ చూస్తున్న సంగతి ఇది. గైడు చూసి చెప్పే పంతులును పిల్లలు వారంలో పట్టేస్తారు.

ఆ అబ్దుల్ హఖ్ గారే కొంతకాలం ఔరంగాబాద్ ఇంటర్మీడియట్ కాలేజీకి ప్రిన్సిపాల్. రాజధానికి దూరంగా ఉన్న చిన్న కాలేజీ. ఆ ఊరి నుండే ఆయన అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ పని చూశారు, 1921లో మొదలైన ‘ఉర్దూ’ పత్రిక నడిపారు, పాత చేతిరాత ప్రతులు వెతికి అచ్చు వేయించారు. ప్రిన్సిపాల్ కుర్చీ అంటే హాజరు రిజిస్టరు మీద సంతకం పెట్టే కుర్చీ అని ఆయన అనుకోలేదు. పెద్ద యూనివర్సిటీ నీడలో ఉన్న చిన్న కాలేజీకి కూడా పేరు ఎట్లా వస్తుందో అక్కడ చూడవచ్చు.

గన్‌ఫౌండ్రీ కాలేజీ తొలినాళ్ళ ఉస్తాదుల్లో హారూన్ ఖాన్ షేర్వాణీ గారి సంగతి చెప్పాలి. చరిత్ర చెప్పేవారు. తర్వాత నిజాం కాలేజీకి ప్రిన్సిపాల్‌గానూ పనిచేశారు. బహమనీల మీద పుస్తకం 1946లో తెచ్చారు. కుతుబ్‌షాహీల చరిత్ర 1974లో వచ్చింది, అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. మనలో యాభై దాటగానే ‘ఇంకేం చదువుతాంలే సాబ్’ అనేవాళ్ళు ఎందరో! తెలుగు చెప్పడానికి రాయప్రోలు సుబ్బారావు గారిని తెచ్చారు. ఉర్దూ మాధ్యమ కాలేజీలో నవ్యకవిత్వానికి ఆద్యుల్లో ఒకరు తెలుగు పంతులు! వేరే భాష మనిషి, వేరే మతం మనిషి, అయినా ఆ పనికి తగిన మనిషి. మన కాలేజీలో తెలుగు పోస్టు వేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మా కోరిక.

మంచి ఉస్తాదులుంటే ఏమవుతుందో కూడా కనబడుతుంది. ఆ కాలేజీ పిల్లలే బయటి దేశాల్లో చదివి అక్కడికే పంతుళ్ళుగా తిరిగి వచ్చారు. రజియుద్దీన్ సిద్దీఖీ గారు జర్మనీలో హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి వచ్చి ఇక్కడ గణితం చెప్పారు. జోర్ గారు లండన్‌లో చదివి వచ్చి ఉర్దూ చెప్పారు, 1931లో ఇదారె అదబియాత్ స్థాపించారు, చాదర్‌ఘాట్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. డాక్టర్ హమీదుల్లా గారు బాన్‌లో, పారిస్‌లో రెండు డాక్టరేట్లు తీసుకుని ఇక్కడికొచ్చి అంతర్జాతీయ న్యాయం బోధించారు.

ఇదంతా విని ఆ రోజుల్లో అన్నీ బంగారమే అనుకోవద్దు. రాజ్యంలో ఎక్కువ ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. ఆ పిల్లలకు ఉర్దూ కూడా పరాయి మాధ్యమమే. ఇక నాయకత్వం సంగతికొస్తే, 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపారు. చాలామంది నాగపూర్ పోయి చదువు పూర్తి చేసుకున్నారు. తరగతి గదిలో అంత గొప్ప ఉస్తాదులున్న చోట, పిల్లలకూ సర్కారుకూ మధ్య అడ్డంగా నిలబడే పెద్ద దొరకలేదు. పై నుండి హుకుం వస్తే కింద అమలు, అంతే. ఆ పాట మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కానివ్వండి, చదువుకునే పిల్లవాణ్ణి గేటు బయట నిలబెట్టడం విద్యాసంస్థ చేయవలసిన పని కాదని మా ఉద్దేశం.

అంతకు యాభై ఏళ్ళ ముందు ఇదే ఊళ్ళో వేరే రకం పెద్దమనిషి ఉండేవారు. అఘోరనాథ్ చటోపాధ్యాయ గారు, సరోజినీ నాయుడు గారి తండ్రి. ఎడిన్‌బరోలో డాక్టరేట్ తీసుకుని వచ్చి ఇక్కడ ఇంగ్లీషు చదువుకు పునాది వేశారు. 1883లో చాందా రైల్వే పథకంలో రాజ్యానికి నష్టం ఉందని పైకి చెప్పినందుకు ఆయనను దేశం వదిలి పొమ్మన్నారు. ఆయనతో పాటు గొంతు కలిపి అదే శిక్ష పడ్డవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు. కాలేజీ పెద్దగా ఉన్నాయన బెంగాలీ బ్రాహ్మణుడు, తోడు నిలిచినాయన ముల్లా. తర్వాత అఘోరనాథ్ గారిని వెనక్కి పిలిచారు, 1887లో ఏర్పడిన నిజాం కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఆయన పేరే వినిపిస్తుంది.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ప్రైవేటు కాలేజీల్లో పనిచేసే మా స్నేహితులు చెప్పేవి వింటే మనసు చివుక్కుమంటుంది. ఏడాదికి పది నెలల జీతం. ఎండాకాలం వస్తే ‘జూన్‌లో రండి సార్’ అంటారు. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం ఎన్నడూ చూడని పేర్లు స్టాఫ్ లిస్టులో కనబడతాయి. ప్రిన్సిపాల్ గదిలో ప్రిన్సిపాల్ ఉంటాడు, నిర్ణయాలు మాత్రం కరెస్పాండెంట్ గారి ఇంట్లో జరుగుతాయి. మైనారిటీ సంస్థలకు రాజ్యాంగం 30వ అధికరణం హక్కు ఇచ్చింది, నిజమే. అయితే నడిపే హక్కులో చెడగొట్టే హక్కు కలవదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లు విషయంలో చెప్పింది. కమిటీ సభ్యులు ఈ రెండూ కలిపి చదవాలి.

తెలంగాణలో 2016 నుండి డిగ్రీ అడ్మిషన్లు దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఇంట్లో కూర్చుని పిల్లలు కాలేజీలను ఎంచుకుంటారు. ఒక్కరూ చేరని కాలేజీలు కూడా తేలాయి. వాటికీ గోడలున్నాయి, బోర్డులున్నాయి. మన నాచారం, మల్లాపూర్ వైపు ఆడపిల్లలు ఇంటర్ కాగానే ఆగిపోతున్నారు, దూరం పంపడానికి ఇళ్ళల్లో భయం. దగ్గర్లో కాలేజీ పెట్టి, ఆ పిల్ల మూడేళ్ళు కూర్చున్నా ఒక్క ఉస్తాదు పేరు గుర్తుండకపోతే, ఆమెను ఇంట్లో ఉంచినదానికీ దీనికీ తేడా ఏముంది?

అందుచేత మా మనవి ఇది. మొదటి ఏడాది గదులు నాలుగు చాలు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం, ఈ ఆరింటికి ఆరుగురిని పూర్తికాలం తీసుకుందాం, అందులో ఇద్దరికి తక్కువ కాకుండా స్త్రీలు ఉండాలి. పన్నెండు నెలల జీతం. స్థలం కొనడానికి అనుకున్న డబ్బులో కొంత విడిగా బ్యాంకులో వేసి, మూడేళ్ళ జీతానికి సరిపడేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ప్రిన్సిపాల్ విషయంలో 2018 యూజీసీ నిబంధనలు పిహెచ్‌డి, 15 ఏళ్ళ అనుభవం అడుగుతున్నాయి, పదవి ఐదేళ్ళు. నిబంధన అడగని ఒక్క షరతు మనం కలుపుదాం: ప్రిన్సిపాల్ గారు వారానికి కొన్ని పీరియడ్లు తప్పకుండా పాఠం చెప్పాలి. పాఠం చెప్పే ప్రిన్సిపాల్‌కు సుద్దముక్క అయిపోయిన సంగతి ముందే తెలుస్తుంది. పంతుళ్ళను ఎంచేటప్పుడు కమిటీ వారి అల్లుళ్ళు, బావమరుదులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, అభ్యంతరం లేదు. వాళ్ళు కూడా పిల్లల ముందు నిలబడి ఒక పాఠం చెప్పి చూపించాలి, ఇంటర్వ్యూ బోర్డులో సగం మంది బయటివారు ఉండాలి.

హబ్సిగూడ, తార్నాక, రామంతాపూర్ వైపు రిటైరైన లెక్చరర్లు, ప్రొఫెసర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళను అడిగితే కాదనరని మా నమ్మకం. రాస్ మసూద్ గారు ఇక్కడ విద్యాశాఖ డైరెక్టరుగా ఉండగా అక్కడి చదువులు చూసి రావడానికి 1922లో జపాన్ వెళ్ళారు. మనం తార్నాక దాకా వెళ్ళలేమా? సభ అయ్యాక మేము నోటుబుక్కుతో చాయ్ బల్ల దగ్గర ఉంటాము. మీకు తెలిసిన అటువంటి వారి పేర్లు, వాళ్ళు చెప్పే సబ్జెక్టు అందులో రాయించండి. వచ్చే ఆదివారం జొహర్ నమాజు తర్వాత కమిటీ కూర్చుంటుంది, ఆ జాబితా అప్పటికి కార్యదర్శి గారి చేతిలో పెడతాము.