మొక్కల పేళ్లలో ఋతువులు



ఉద్యానవనములలో మొక్కలచెంత పాతిన పలకలపై లాటిను పేళ్లను చూచి, ఇవి మనకు పట్టని మాటలని మొగము త్రిప్పుకొనువారు పెక్కురు. అందు ఋతువులను చెప్పు మాటలను మాత్రము సంస్కృతము నెఱిగినవాడు చుట్టములవలె గుర్తింపవచ్చును.

వసంతమునకు లాటినులో వేర్ అని పేరు. అదియు మన వసంతశబ్దమును ఒకే తల్లి బిడ్డలు. శీతకాలమునకు హియెమ్స్; హిమ, హేమంత శబ్దములు దానికి జ్ఞాతులు. వేసవికి ఈస్టాస్, ఇంధనమను మాటలోని మండుట యను అర్థమే దాని మూలమందును గలదు. శరత్తును చెప్పు ఔటుమ్నుస్ పుట్టుక మాత్రము నేటికిని పండితులకు లొంగలేదు.

విశేష్యమునకు ఏ లింగమో విశేషణమునకును అదే లింగమను నియమము లాటినునను చెల్లును. కావున, అన్నియు వసంతమున పూచునవే యైనను, పుంలింగమున క్రోకస్ వెర్నస్, స్త్రీలింగమున జెన్షియానా వెర్నా, నపుంసకమున ల్యూకోజం వెర్నం అనవలెను. ప్రిములా వేరిస్ అనుచోట నున్నది విశేషణము కాదు, షష్ఠీవిభక్తి: వసంతముయొక్క ప్రిములా యని భావము. ఇట్టి రెండుమాటల పేళ్లను 1753లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు తన గ్రంథమున స్థిరపఱచెను.

అయితే మాటకు అర్థము తెలిసినంతనే చాలదు. అది మొక్కయొక్క ఏ దశను చెప్పుచున్నదో కూడ తెలియవలెను. కోల్చికం ఔటుమ్నాలె అను దుంపమొక్క ఐరోపా పచ్చికబయళ్లలో శరత్తున, ఆకు లేకయే, పూచును. ఆకులును కాయలును మఱుసటి వసంతమున వెలువడును. ఆ వసంతముననే అచ్చటివారు అడవి వెల్లుల్లి ఆకులను తినుటకై కోసికొందురు. రెంటి ఆకులును చూపునకు దగ్గఱ. వాసనచే గుర్తింతుమందురు గాని, వెల్లుల్లి వాసన చేతికంటిన పిమ్మట ప్రతి ఆకును అదే వాసన గొట్టును. అట్లు పొరబడి కోల్చికం ఆకును తిని ప్రాణములు గోల్పోయినవారు గలరు. వాతరక్తమునకు మందగు కోల్చిసిను ఈ మొక్కనుండియే వచ్చును. మోతాదు మించిన నదియే విషము. పేరులోని శరత్తు పూవునకు సంబంధించినది. ఆకు ఎప్పుడు వచ్చునో ఆ పేరు చెప్పదు.

ఇంకొక వింత పేరు గలదు: ఎరాంథిస్ హియెమాలిస్. పసుపుపచ్చని చిన్న పూవు. మొదటి మాట గ్రీకు, వసంతపుష్పమని అర్థము. రెండవది లాటిను, శీతకాలమునకు చెందినదని అర్థము. లిన్నేయసు దానిని శీతకాలపు హెల్లెబోరస్ అనెను. తరువాత 1807లో సాలిస్‌బరీ యను ఆంగ్లేయుడు దానిని వేఱుచేసి ఎరాంథిస్ అనెను. చలి యింకను వీడకమునుపే పూచు మొక్క కాన ఇద్దఱ మాటయు కొంత నిజమే. నాకీ జగడము ముచ్చటగా తోచును.

పేళ్లతోపాటు వర్ణనలును లాటినుననే యుండెడివి. క్రొత్త మొక్కను ప్రకటించువారు 1935 మొదలు 2011 వఱకు లాటిను వర్ణన నీయవలసియుండెను. 2012 నుండి ఆంగ్లమును చెల్లుచున్నది. 'ఫ్లోరెత్ వేరె' యనిన వసంతమున పూచునని యర్థము. ఎవరి వసంతము? చూచి వ్రాసినవాని దేశపు వసంతము.

మనవారును ఋతువులనుబట్టి పేళ్లు పెట్టిరి. అమరకోశము మాధవీలతకు వాసంతి యనియు, ఏడాకులపాలకు శారదమనియు చెప్పుచున్నది. కాని మనకు వర్షర్తువు గలదు. లాటిను నాలుగింటిలో నది లేదు. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో తోట పెంచి మన మొక్కలను పరిశీలించిన రాక్సుబర్గు వైద్యునకు ఈ చిక్కు ఎదురై యుండవలెను. 1815లో ఆయన గతించిన పిమ్మట అచ్చయిన ఫ్లోరా ఇండికాలో, ఇంగ్లీషు భాషలోనే, పెక్కు మొక్కల పూతకాలమును ఎండకాలము, వానకాలము, చలికాలము అను మాటలతో తెలిపియున్నాడు. మన రైతు లెక్కయు అదియే.